గడియారపు ఇరుసును చెక్కు పనిముట్టు

జేబుగడియారములో అటునిటు ఊగుచు కాలమును కొలుచు తులాచక్రమును మోయునది ఒక చిన్న ఉక్కు ఇరుసు. వాచీపనివారు స్టాఫు అని పిలుచునది దీనినే. దాని పొడవు కొద్ది మిల్లీమీటర్లు. రెండు కొనలయందు కెంపుఱాతి గుంటలలో తిరుగు మొనల వ్యాసము ఇంచుమించు 0.1 మిల్లీమీటరు, అనగా తలవెండ్రుకకంటె కొంచెము మాత్రమే లావు. గడియారము చేజాఱి నేలబడినప్పుడు తఱచుగా విఱుగునది ఈ మొనయే. విడిభాగములు దొరకని పాతగడియారమునకు క్రొత్త ఇరుసును ఉక్కుకమ్మినుండి లేతుమీద చెక్కి తీయవలసివచ్చును. ఆ పనికి ఏ టూలు పట్టవలెను? దొరకువానిలో మిక్కిలి గట్టిదియు మిక్కిలి క్రొత్తదియు ఏదో అదియే మేలని తలచుట సహజము. కాని ఈ చిన్నలేతు పుట్టిపెరిగిన తీరును పరిశీలించినచో, సన్నని పనికి గట్టిదనముకంటె వాడిదనమే ప్రధానమని తేటపడును.

పూర్వము ఐరోపాలోని గడియారపు పనివారు వాడిన లేతునకు మోటారు లేదు, తిరుగు కుదురును లేదు. పట్టుగూటిలో బిగించిన చిన్నచట్రమునకు ఎదురెదురుగా కదలని రెండు మొనలుండెడివి. వానినడుమ పనిముక్కను నిలిపి, దానికి తగిలించిన చిన్నకప్పీచుట్టును గుఱ్ఱపువెండ్రుకను త్రిప్పి, ఎడమచేతితో విల్లును లాగుచు, కుడిచేత గ్రేవరు అను ఉలిని పట్టి చెక్కెడివారు. విల్లు ఒకవైపు సాగునప్పుడే కోత. వెనుకకు వచ్చునప్పుడు ఉలిని వెండ్రుకవాసి యెడముగా తీయవలెను. ఈ పద్ధతి మోటుగా తోచవచ్చును గాని ఇందొక గొప్ప గుణము గలదు. మొనలు తిరుగవు గనుక పనిముక్క తన కేంద్రములమీదనే తాను తిరుగును. ఎన్నిమాఱులు తీసి కొలిచి మరల పెట్టినను దాని అక్షము చెదరదు.

1800 ప్రాంతమున ఇంగ్లండులో హెన్రీ మౌడ్‌స్లే నిర్మించిన మఱచుట్లు కోయు లేతులలో టూలును చేయి పట్టదు, జారుపీట పట్టును. పెద్దయంత్రములకు అది యుగపరివర్తనము. గడియారపు పనికి అంతటి మార్పు తెచ్చినది అమెరికాలోని వాల్థామ్ కర్మాగారములతో సంబంధమున్న చార్లెస్ మోజ్లీ. కుదురులోపలికి లాగగానే పనిముక్కను నలువైపుల సమముగా పట్టు చీలికల కోలెట్టును అతడు 1850 దశకపు చివర రూపొందించెను. తరువాత వెబ్‌స్టర్, విట్‌కోమ్ అనువారి పేరిట వెలసిన లేతు కోలెట్టు 8 మిల్లీమీటర్ల కొలత. నేటికిని వాచీపనివారి బల్లలమీద ఆ కొలతదే ప్రచారము. ఇన్ని మార్పులు జరిగినను, లేతుముందు చిన్న ఆనుపీటమీద గ్రేవరును చేతితో పట్టుట మాత్రము పోలేదు.

ఈలోపల టూలు ఉక్కు వేఱొక దారిని నడచుచుండెను. పాతకాలపు కార్బను ఉక్కు ఎంత వాడి తేలినను, రెండుమూడు వందల డిగ్రీల వేడి తగులగానే మెత్తబడిపోవును. 1868లో రాబర్ట్ మషెట్ టంగ్‌స్టన్ కలిపిన ఉక్కును తెచ్చెను. అమెరికాలో టేలర్, వైట్ అనువారు కాచు పద్ధతిని మార్చి సాధించిన హైస్పీడు ఉక్కు, కొస ఎఱ్ఱగా కాలుచున్నను కోత మానకుండుటను 1900 సంవత్సరపు పారిస్ ప్రదర్శనమున చూచినవారు విభ్రాంతులైరి. 1920లలో జర్మనీయందు కార్ల్ ష్రోటర్ టంగ్‌స్టన్ కార్బైడు పొడిని కోబాల్టుతో అతికించగా, క్రుప్ సంస్థ దానిని విడియా యను పేర అమ్మజొచ్చెను. ఈ విజయములన్నియు వేడిని జయించినవే.

మన మొనకు ఆ వేడి ఎక్కడిది? వ్యాసమును 3.14తోను, నిమిషమునకు తిరుగు చుట్లతోను హెచ్చించినచో కోతవేగము వచ్చును. వంద మిల్లీమీటర్ల కడ్డీ నిమిషమునకు 380 చుట్లు తిరిగినచో కార్బైడునకు తగిన 120 మీటర్ల వేగము లభించును. 0.1 మిల్లీమీటరు మొనను నిమిషమునకు 3,000 చుట్లు త్రిప్పినను లభించు వేగము ఒక మీటరైనను కాదు. వేడికి ఓర్చుటయే కార్బైడు ముఖ్యబలము గనుక, ఆ బలమునకు ఇచ్చట పనియే లేదు.

బలము అక్కఱకు రాకపోవుటయే గాక, దానితో వచ్చు లోపమును మనము భరింపవలసియుండును. కార్బైడు పెళుసు, అంచు చిట్లకుండుటకై తయారుచేయువారు సాధారణముగా దానిని కొంచెము మొద్దుచేసియే పంపుదురు. బిట్టు కొస గుండ్రదనము, మామూలుగా దొరకు వానిలో, 0.4 మిల్లీమీటరు వ్యాసార్థము. మనము చెక్కు మొన వ్యాసమునకు అది నాలుగింతలు. 0.02 మిల్లీమీటరు మాత్రమే లోతు కోయునప్పుడు అట్టి గుండ్రనికొస, మొక్కవోయిన కత్తిపీట పండిన టమాటాను కోయక నలిపివేయునట్లు, ఉక్కును కోయక ప్రక్కకు నెట్టును. అదే బలమునకు ఇరుసు లావు సగమైనచో వంపు పదునాఱింతలగును. పట్టు వెలుపలికి వచ్చిన పొడవు రెండింతలైనచో వంపు ఎనిమిదింతలగును. కనుకనే సన్నని పనికి ఱాతిమీద నూఱి అద్దమువలె మెఱుగుదేర్చిన హైస్పీడు ఉక్కు గ్రేవరు మేలని నా దృఢమైన అభిప్రాయము. వాడియంచు తక్కువ బలముతో కోయును. తక్కువ బలము వంపును తగ్గించును.

ఈ మాటకు హద్దును గలదు. ఇరుసును గట్టిపఱచి నీలిరంగు వచ్చువఱకు కాచిన ఉక్కునుండి చెక్కవలసినప్పుడు హైస్పీడు అంచు త్వరలో అరిగిపోవును. అప్పుడు సూక్ష్మరేణువుల కార్బైడును వజ్రపుపొడితో నూఱి వాడుట న్యాయము. ఇత్తడికి మఱియొక నియమము: ఉక్కునకు మేలుచేయు ఏటవాలు ముఖము ఇత్తడిలోనికి గుచ్చుకొని ముక్కను లాగివేయును; చదునైన ముఖమే తగును. మొన మొదట నున్న భుజము దగ్గఱ కొసను ఒకింత గుండ్రముగా ఉంచవలెను. అచ్చట పదునైన గీత పడినచో విఱుపు అక్కడనే మొదలగును.

వంపును జయించుటకు స్విట్జర్లండు పనివారు టూలును మార్చక యంత్రమునే మార్చిరి. 1870 దశకమున జాకోబ్ ష్వైట్జర్ ఆరంభించి, పిదప జూరా కొండలలోని మూతియే పట్టణము పెంచిన స్వయంచాలక లేతులో టూలు పొడవువెంట కదలదు. కమ్మియే ముందుకు జరుగును. కోత ఎల్లప్పుడు ఆధారపు గుళిక ప్రక్కనే జరుగును గనుక, వెలుపలికి వచ్చు పొడవు ఎప్పుడును అత్యల్పము. నా దృష్టిలో సన్నని పనుల చరిత్రలో దీనికంటె తెలివైన కల్పన లేదు.

చేతిపనివాడు వాడిని పరీక్షించు తీరు సులభము. గ్రేవరు కొసను బొటనవ్రేలి గోటిమీద, బలము పెట్టక, ఏటవాలుగా మోపును. అది తగులుకొని నిలిచినచో వాడి, జాఱినచో మొద్దు. మొద్దనిన ఆ క్షణముననే ఱాతికి పోవలెను. మఱి రెండు గీతలు గీయుదమనుకొన్నచో ఉక్కుపై పొర నలిగి గట్టిపడి, తరువాత వాడి ఉలికిని లొంగదు.

ఇంతచేసినను కెంపులో తిరుగవలసిన నునుపు ఉలివలన రాదు. మొనను సన్ననిగాడిలో పరుండబెట్టి, విల్లుతో త్రిప్పుచు, గట్టియుక్కు మెఱుగుకమ్మితో రుద్దు పరికరమునకు జాకో అని పేరు; అది ఉక్కును మిక్కిలి కొంచెముగా మాత్రమే తీసి, పైపొరను అదిమి గట్టిపఱచును. కావుననే నిపుణుడు మొనను లేతుమీద కడపటి కొలతకు దింపక, మిల్లీమీటరులో నూఱవవంతో రెండువంతులో మిగిల్చి, జాకోకు ఎత్తును.