మీకు తెలుసా? శిల నశించినను చిత్రము నిలిచినది

సూరత్ నగరమున డిండోలి ప్రాంతమందు నేతపనితో జీవనము సాగించు తెలుగువారు అమరావతి పేరు వినియే యుందురు. కాని అచ్చటి బౌద్ధ మహాచైత్యపు రూపమును మనకు తెలుపు సాక్ష్యములలో నూటికి పైబడిన ఏండ్లు ప్రభుత్వ గ్రంథాలయమున భద్రపడిన చిత్రములును కలవని ఎరిగినవారు కొందరే.

• ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ 18వ శతాబ్ది చివర అమరావతిని దర్శించునాటికే చైత్యపు రాళ్లు ఇతర కట్టడములకు తరలిపోవుచుండెను. 1815లో భారతదేశపు సర్వేయర్ జనరల్ అయిన పిమ్మట, 1816 మొదలుకొని అతని చిత్రకారులు ఒక్కొక్క ఫలకమును కొలిచి, విరిగిన అంచులను సైతము విడువక చిత్రించిరి.

• ఆ చిత్రములలో కొన్నిటియందు సిరా రేఖలకు తోడుగా నీరు కలిపిన పలుచని వర్ణపుపూత శిల్పముల లోతును, నీడను చూపుచున్నది.

• మెకంజీ శాసనములను, గ్రామచరిత్రలైన కైఫియతులను సేకరించుటలో ఏలూరువాసులైన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులు కుడిభుజములై నిలిచిరి.

• ఈ చిత్రములు లండనునందలి ఇండియా ఆఫీసు గ్రంథాలయమునుండి 1982లో బ్రిటిష్ లైబ్రరీ పాలనలోనికి వచ్చినవి. కైఫియతులలో పెక్కు చెన్నపట్టణపు ప్రభుత్వ ప్రాచ్యలిఖిత గ్రంథాలయమున కలవు.

చిత్రింపబడిన ఫలకములలో కొన్ని నేడు కానరావు. వానికి కాగితమే మిగిలిన సాక్ష్యము. కావున పాఠకులారా, మీ ఇండ్లలోని పాత నేత నమూనాల కాగితములను పారవేయక భద్రపరుపుడు.