చందమామ టేపుల్ని చెరిపేశారు!

మనిషి చంద్రుడి మీద తొలి అడుగు వేసిన దృశ్యం... చరిత్రలోనే అపురూపమైన వీడియో. మరి దాని అసలు టేపులు ఎక్కడున్నాయి? నాసా వాళ్ల ఇనప్పెట్టెలో భద్రంగా ఉన్నాయనుకుంటున్నారా... లేవు!

1969 జులై 20న అపోలో 11 వ్యోమగాములు పంపిన దృశ్యాలు సెకనుకు 10 ఫ్రేముల చొప్పున భూమికి చేరాయి. మామూలు టీవీల్లో అవి కనిపించవు. అందుకే ఆస్ట్రేలియా, కాలిఫోర్నియాల్లోని కేంద్రాల్లో వాటిని ఓ తెరమీద వేసి, దానికెదురుగా టీవీ కెమెరా పెట్టి మళ్లీ చిత్రీకరించారు. ప్రపంచం చూసింది ఆ నకలునే. అందులో బొమ్మ మసకబారింది. స్పష్టమైన అసలు సంకేతాలు మాత్రం అంగుళం వెడల్పు టేపుల్లో రికార్డయ్యాయి.

ఆ టేపుల కోసం విశ్రాంత ఇంజినీర్లు కొందరు ఏళ్ల తరబడి వెతికారు. 1970, 80ల్లో టేపుల కొరత రావడంతో నాసా పాతవాటిని పెద్దసంఖ్యలో చెరిపేసి మళ్లీ వాడుకుందనీ, వాటితోపాటే ఇవీ పోయాయనీ 2009లో నిర్ధారణకొచ్చారు. చివరికి టీవీ సంస్థల దగ్గరున్న మంచి నకళ్లను సేకరించి, లోరీ డిజిటల్ అనే సంస్థతో మెరుగులు దిద్దించారు.

చవగ్గా కొంటే...

1976లో నాసాలో శిక్షణ పొందుతున్న ఓ కుర్రాడు ప్రభుత్వం వేలం వేసిన వెయ్యికి పైగా పాత రీళ్లను దాదాపు 218 డాలర్లకు కొన్నాడు. వాటిని టీవీ స్టేషన్లకు అమ్ముకోవచ్చన్నది అతని ఆలోచన. మూడింటి మీద మాత్రం అపోలో 11 పేరు కనిపించడంతో పక్కన దాచాడు. అవి ఆ చెరిగిపోయిన టేపులు కావు, హ్యూస్టన్‌కు చేరిన ప్రసారాన్ని రికార్డు చేసినవి. అయినా 2019లో సోదబీస్ వేలంలో వాటి ధర 18.2 లక్షల డాలర్లు!

బీబీసీదీ ఇదే కథ. ఖరీదైన టేపుల్ని మళ్లీ వాడుకోవడానికి 'డాక్టర్ హూ' లాంటి ధారావాహికల్నీ చెరిపేసింది. అయితే విదేశాలకు అమ్మడానికి ఫిల్మ్ మీదకు ఎక్కించిన ప్రతులు కొన్ని మిగిలాయి. నైజీరియాలోని ఓ టీవీ కేంద్రంలో అలా దుమ్ముకొట్టుకుపోతూ దొరికిన 9 భాగాలు 2013లో మళ్లీ ప్రేక్షకుల ముందుకొచ్చాయి. ఒకచోట పోయినా మరోచోట నకలుంటే చరిత్ర బతుకుతుందన్నమాట.

జిగురే ప్రాణం

చెరపకపోయినా టేపుకి ఆయుష్షు తక్కువే. పల్చని ప్లాస్టిక్ పట్టీ మీద అయస్కాంత రేణువుల్ని పట్టి ఉంచేది ఓ జిగురు పూత. గాలిలో తేమ తగిలితే అది క్రమంగా పాడవుతుంది. అలా బంకబంకగా మారిన కొన్ని రకాల టేపుల్ని నిపుణులు 50 డిగ్రీల వేడిలో గంటలకొద్దీ ఉంచుతారు. అప్పుడవి కొద్దిరోజులు ఆడతాయి. ఆలోపే డిజిటల్ రూపంలోకి మార్చేస్తారు.

టేపు బాగున్నా ఆడించే యంత్రం ఉండాలిగా! వీసీఆర్‌లు తయారుచేస్తున్న చివరి సంస్థ, జపాన్‌కి చెందిన ఫునాయ్, 2016లో ఆ పని ఆపేసింది. టేపుల్లోని దృశ్యాల్ని 2025 నాటికి మార్చుకోకపోతే చాలావరకు చేజారిపోతాయని యునెస్కో 2019లోనే హెచ్చరించింది. ఆ గడువూ దాటిపోయింది.

ఇంట్లో ఉన్నాయా?

అటకమీద పెళ్లి క్యాసెట్లు ఉంటే ఇప్పుడే దించండి. బూజు పట్టినదాన్ని తొందరపడి వీసీఆర్‌లో పెట్టొద్దు. టేపు తెగొచ్చు, యంత్రమూ పాడవుతుంది. క్యాసెట్ వెనక అంచున ఉండే చిన్న ప్లాస్టిక్ ముక్కను విరిచేస్తే పొరపాటున దానిమీద మరొకటి రికార్డవదు. తేమ, ఎండ, స్పీకర్లకు దూరంగా నిలువుగా పెట్టండి. కంప్యూటర్‌లోకి ఎక్కించాక కనీసం రెండు ప్రతులు వేర్వేరు చోట్ల దాచండి. అసలు క్యాసెట్‌నీ పారేయొద్దు.

తాతయ్య నడక, నానమ్మ నవ్వు, ఆనాటి పందిరి సందడి... వాటికి ఏ టీవీ కేంద్రంలోనూ నకలుండదు మరి!