రెండో ట్యాంకుతో లాభమెంత?

ఆళ్లగడ్డ శిల్పులు చెక్కిన విగ్రహాలు ఎక్కడెక్కడి గుళ్లకో వెళతాయి. వాటిని దించి కర్ణాటక నుంచి తిరిగొచ్చే పికప్ డ్రైవర్ మనసంతా అక్కడి బంకు మీదే! మన దగ్గర డీజిల్‌పై వ్యాట్, దానికితోడు లీటరుకు 4 రూపాయల అదనపు వ్యాట్, 2020 నుంచి రూపాయి రోడ్డు సెస్సు... అక్కడ చవక. నంద్యాల వెళ్లి ఇంకో ట్యాంకు బిగించుకుంటే?

చూడ్డానికి చిన్న పనే. కానీ ఇంజిన్ వాడుకోగా మిగిలిన డీజిల్ మళ్లీ ట్యాంకుకే వస్తుంది. రెండోదాంట్లోంచి తీసుకుని మొదటిదానికి పంపితే అది పొంగిపోతుంది. అందుకే తెలిసినవాళ్లు చిన్న పంపుతో రెండో ట్యాంకు డీజిల్‌ను మొదటిదాంట్లోకే దించుతారు. జింకు పూత రేకు డీజిల్‌కు పడదు. లోపల అడ్డరేకులు లేకపోతే మలుపుల్లో బండి ఊగుతుంది. 60 లీటర్లంటే 50 కిలోలు... ఆ మేరకు సరుకు తగ్గించాల్సిందే.

అసలు చిక్కు చట్టంతో. కంపెనీ చెప్పిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదంటుంది 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్. 2019 సవరణతో ఒక్కో మార్పుకు 5 వేల జరిమానా, ఆరు నెలల వరకూ జైలు, లేదా రెండూ. లీటరుకు 5 రూపాయలు మిగిలినా 60 లీటర్లకు 300. ఒక్కసారి పట్టుబడితే 17 ట్రిప్పుల మిగులు గల్లంతే!