యాడ్ చూసి వచ్చినవాళ్లు మీ పేజీలో ఎందుకు ఆగడం లేదు?

ఫేస్‌బుక్‌లోనో గూగుల్‌లోనో మనం యాడ్ పెడతాం. దాని మీద క్లిక్ చేసిన మనిషి వచ్చి దిగే పేజీని ల్యాండింగ్ పేజీ అంటారు. ఈరోజు దాని గురించి మాట్లాడుకుందాం.

ముందు ఒక చిన్న లెక్క. ఒక క్లిక్‌కి 5 రూపాయలు పడుతోంది అనుకోండి. 1000 రూపాయలకి 200 మంది వస్తారు. అందులో 2 మందే కొంటే, ఒక్కో ఆర్డర్‌కి మీకు 500 ఖర్చయినట్టు. అదే 8 మంది కొంటే 125. యాడ్ అదే, డబ్బూ అంతే. మారింది పేజీ ఒక్కటే.

నేను చేసిన తప్పు కూడా చెప్తాను. మా పిన్ని పచ్చళ్లు అమ్ముతుంది. యాడ్‌లో ఆవకాయ ఫొటో పెట్టి, లింక్ మాత్రం హోమ్ పేజీకి ఇచ్చాను. అక్కడ తిరిగే బ్యానర్లు, పొడులు, స్వీట్లు, "మా గురించి", పైన పెద్ద మెనూ. ఆవకాయ కోసం వచ్చినవాళ్లు ఆవకాయని వెతుక్కోవాలి! ఎవరు వెతుకుతారండీ? వెనక్కి వెళ్లిపోయారు. "డబ్బులన్నీ ఏమైపోయాయిరా?" అని పిన్ని అడిగితే నా దగ్గర సమాధానం లేదు.

అప్పుడు అర్థమైంది: ఒక పేజీకి ఒక్కటే పని ఉండాలి. యాడ్‌లో ఏ ఫొటో, ఏ మాట చూసి వచ్చారో పేజీ పైన అదే కనబడాలి. ఆవకాయ యాడ్‌కి ఆవకాయ పేజీ, అంతే.

ఫోన్‌లో పేజీని కిందికి జరపకముందే మూడు ప్రశ్నలకి జవాబు దొరకాలి. ఇదేంటి? నాకెందుకు? ఇప్పుడు నేనేం చెయ్యాలి? "మా వెబ్‌సైట్‌కి స్వాగతం" అనే హెడ్డింగ్ ఈ మూడింటిలో దేనికీ జవాబు చెప్పదు. "గానుగ నూనెతో కలిపిన ఆవకాయ, అరకిలో, మీ ఇంటికే పంపిస్తాం" అంటే చెప్తుంది. పక్కనే ధర రాయండి, దాచకండి.

బటన్ మీద "సబ్మిట్" అని వద్దు. "వాట్సాప్‌లో ఆర్డర్ చేయండి" అని రాయండి. ఆ బటన్ రంగు పేజీలో ఇంకెక్కడా వాడకండి, కన్ను నేరుగా అక్కడికే పోతుంది. లేత పసుపు మీద తెల్ల అక్షరాలు ఎండలో కనబడవు. అక్షరానికీ వెనక రంగుకీ మధ్య కాంట్రాస్ట్ కనీసం 4.5:1 ఉండాలని వెబ్ ప్రమాణాలు చెప్తాయి.

తర్వాత స్పీడ్. పేజీలో ముఖ్యమైన భాగం 2.5 సెకన్లలోపు కనబడితే బాగున్నట్టని గూగుల్ లెక్క. కెమెరాలో తీసిన ఫొటోని అలాగే ఎక్కించకండి. సైజు తగ్గించి, వెబ్‌పీ ఫార్మాట్‌లోకి మార్చండి. పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ అనే ఉచిత టూల్‌లో మీ లింక్ పెట్టి, మొబైల్ రిజల్ట్ చూసుకోండి.

ఒక హెచ్చరిక కూడా. "ఇంకా 10 నిమిషాలే" అని దొంగ టైమర్లు పెట్టకండి. పేజీ మళ్లీ తెరిస్తే ఆ టైమర్ మొదటికొస్తుంది, మన పరువు పోతుంది. పైగా 2023లో మన దేశంలో వచ్చిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాల్లో ఇలా లేని తొందర పుట్టించడాన్ని నిషేధించారు.

చివరిగా ఒక పరీక్ష. మీ పేజీని ఇంట్లో ఎవరికైనా ఫోన్‌లో 5 సెకన్లు చూపించి వెనక్కి తీసుకోండి. "ఏం అమ్ముతున్నారు? ఎక్కడ నొక్కాలి?" అని అడగండి. చెప్పలేకపోతే యాడ్ ఆపేసి, ముందు పేజీ సరిచేయండి. నేను ఇప్పుడు పిన్నికి చూపించకుండా ఏ పేజీకీ యాడ్ పెట్టడం లేదు.

మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండి.