పాటకు వీసా అక్కర్లేదు!

కాలింగ్ కార్డుల రోజులు గుర్తున్నాయా? కార్డు గీకి, నంబరు కొట్టి, లైను కలిసిందా లేదా అని చూస్తూ 'హలో' అంటే... ఆ హలో క్షణం ఆగి మన చెవికే తిరిగొచ్చేది. అటు అమ్మ మాట, ఇటు మన మాట ఒకదాని మీద ఒకటి పడేవి. నిమిషాలు అయిపోతున్నాయని ఎంత చిరాకుపడేవాళ్లమో!

అలాంటి ప్రతిధ్వనినే వాయిద్యం చేసుకున్న సంగీతం ఒకటుంది. పేరు డబ్. పుట్టింది జమైకాలో. దేశదేశాలకు మోసుకెళ్లింది మాత్రం మనలాగే పని కోసం ఊరొదిలిన జనం. 2023లో వచ్చిన 'టికిమన్ వాల్యూమ్ 1' రికార్డు విన్నాక, ఆ కథ మనవాళ్లకూ చెప్పాలనిపించింది.

మెకానిక్ చేతి మహిమ

జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో ఆస్‌బోర్న్ రడ్డాక్ అనే మెకానిక్ ఉండేవారు. రేడియోలు, ఆంప్లిఫయర్లు బాగుచేయడం ఆయన వృత్తి. జనం పిలిచే పేరు కింగ్ టబ్బీ. అక్కడ వీధుల్లో పెద్దపెద్ద స్పీకర్లు పేర్చి, రికార్డులు వేసి రాత్రంతా డాన్సులు ఆడేవారు. వాటిని సౌండ్ సిస్టమ్ అంటారు. మన జాతరల్లో మైకుసెట్టు లాంటిదే అనుకోండి. టబ్బీకీ సొంత సెట్టు ఉండేది.

1970ల్లో ఆయన ఇంట్లోనే చిన్న స్టూడియో పెట్టారు. స్నానాల గదే పాడేవాళ్ల గది అయింది! ఆయన అక్కడ చేసిన పని విచిత్రమైంది. అప్పటికే రికార్డయిన పాటను తీసుకుని, అందులో గొంతు తీసేసి డ్రమ్ము, బేస్ గిటారు మాత్రం ఉంచేవారు. నడుమ ఒక మాట ముక్కనో, గిటారు మీటునో వదిలి ఎకోలోకి పంపేవారు. టేపు మీద ఎక్కిన శబ్దం క్షణం తర్వాత మళ్లీ పలుకుతుంది. దాన్నే తిరిగి లోపలికి పంపితే మళ్లీ మళ్లీ పలుకుతూ సన్నగిల్లిపోతుంది. అదే డబ్. 1989 ఫిబ్రవరిలో టబ్బీని ఇంటి ముందే ఎవరో కాల్చి చంపారు. ఆయన పద్ధతి మాత్రం అప్పటికే సముద్రం దాటేసింది.

ఓడ దిగిన వాళ్లతో...

1948 జూన్‌లో ఎంపైర్ విండ్‌రష్ అనే ఓడ కరీబియన్ దీవుల నుంచి వందలమందిని లండన్ దగ్గరి టిల్‌బరీ రేవులో దింపింది. తర్వాతి ఏళ్లలో వేలమంది వచ్చారు. బస్సుల్లో, రైళ్లలో, ఆస్పత్రుల్లో పనిచేశారు. చాలాచోట్ల అద్దెకు ఇల్లు ఇచ్చేవాళ్లు కాదు, క్లబ్బుల్లోకి రానిచ్చేవాళ్లు కాదు. దాంతో తమ ఇళ్లలోనే స్పీకర్లు పెట్టుకుని వారం కష్టం మరిచిపోయేవారు. ఆ బేసే నెమ్మదిగా బ్రిటన్ సంగీతమంతటా పాకింది.

కానీ ఒక్క సంగతి మరిచిపోకూడదు. చట్టప్రకారమే వచ్చి దశాబ్దాలుగా అక్కడే బతికినా, రుజువు కాగితాలు లేవని ఆ తరంలో కొందరు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. కొందరిని నిర్బంధించారు, దేశం నుంచి పంపించేశారు కూడా. 2018లో ఇదంతా బయటపడి బ్రిటన్ ప్రభుత్వం క్షమాపణ చెప్పింది. పాటకు వీసా అక్కర్లేదు, మనిషికే కావాలి. ఈ బాధ మనవాళ్లకు వేరే చెప్పాలా?

బెర్లిన్‌లో కొత్త గొంతు

మరోపక్క 1980ల్లో అమెరికాలోని షికాగోలో హౌస్, కార్ల ఫ్యాక్టరీల ఊరు డెట్రాయిట్‌లో టెక్నో పుట్టాయి. రెండూ నల్లజాతి యువకులు మిషన్ల మీద కట్టిన డాన్సు సంగీతాలే. 1989లో బెర్లిన్‌లో మార్క్ ఎర్నెస్టస్ హార్డ్ వ్యాక్స్ అనే రికార్డుల దుకాణం తెరిచారు. ఆయన, మోరిట్స్ ఫాన్ ఓస్వాల్డ్ కలిసి 1993లో బేసిక్ చానల్ పేరుతో రికార్డులు మొదలుపెట్టారు. డెట్రాయిట్ దరువును, జమైకా ప్రతిధ్వనిని కలిపేశారు.

వాళ్లకు దొరికిన గొంతు పాల్ సెయింట్ హిలేర్‌ది. డొమినికా అనే చిన్న దీవి నుంచి బెర్లిన్ చేరిన మనిషి. తొలిరోజుల్లో రికార్డుల మీద ఆయన పేరు టికిమన్. 1998 నాటి 'షోకేస్' అట్ట మీద కూడా 'రిథమ్ అండ్ సౌండ్ విత్ టికిమన్' అనే ఉంటుంది. బాణీ వాళ్లది, గొంతు ఈయనది. పాతికేళ్ల తర్వాత వచ్చిన 'టికిమన్ వాల్యూమ్ 1'లో సంగీతం, గానం రెండూ ఆయనవే. ఒకరి దగ్గర ఏళ్లతరబడి పనిచేసి, చివరికి సొంత బోర్డు కట్టుకున్న మనవాళ్లెవరో గుర్తొచ్చారు మాకు.

ఎలా వినాలి?

నిజం చెప్పాలంటే, ఈ రకం సంగీతం మొదటిసారి విన్నప్పుడు పాట ఎప్పుడు మొదలవుతుందా అని ఎదురుచూశాం. అది మా పొరపాటు. ఇందులో పల్లవీ చరణాల కోసం వెతకొద్దు. ఒకటే దరువు నడుస్తుంటుంది, దాని మీద ఒక్కో శబ్దం వచ్చి పోతుంటుంది. ఫోను స్పీకర్లో బేస్ పలకదు కాబట్టి ఇయర్‌ఫోన్లు పెట్టుకోండి. పొద్దున షిఫ్టు ఉన్న రూమ్మేట్ నిద్రా చెడదు. లైటు ఆర్పి, పది నిమిషాలు ఓపిక పట్టండి. నచ్చకపోతే మన ఘంటసాల ఎక్కడికీ పోరు. నచ్చితే మాత్రం, దీవి వదిలొచ్చిన ఆ మనిషి గొంతు మీకూ తెలిసిన గొంతులాగే ఉంటుంది.