మాండలిన్ పాడింది!

పెండ్లిళ్ల రోజుల్లో ఓ సాయంత్రం నిజామాబాద్ కంఠేశ్వర్ రోడ్డులో నిలబడితే చాలు... ముందు బ్యాండు మేళం, వెనక పెండ్లికొడుకు కారు, మధ్యలో చిందులేసే కుర్రకారు. ఆ హోరులో డ్రమ్ములను కూడా దాటుకుని పైకి వినిపించేది క్లారినెట్. నల్లటి గొట్టం, దాని మీద తళతళలాడే మీటలు. యూరప్‌లో పుట్టిన ఆ వాయిద్యాన్ని పరాయిదని ఇక్కడ ఎవరూ అనుకోరు. బరాత్‌లో అది లేకపోతేనే వెలితి!

అలా క్లారినెట్ వాయించే ఓ తండ్రి ఇంట్లోనే, పశ్చిమగోదావరి జిల్లా పాలకొల్లులో, 1969 ఫిబ్రవరి 28న పుట్టాడు ఉప్పలపు శ్రీనివాస్. నాన్న సత్యనారాయణ దగ్గర క్లారినెట్‌తో పాటు ఓ మాండలిన్ కూడా ఉండేది. ఆరేళ్ల వయసులో పిల్లాడి చెయ్యి దాని మీద పడింది. ఆ తర్వాత అది ఎంతగా అతనిదైపోయిందంటే, ఇంటిపేరు మరుగునపడి లోకమంతా ‘మాండలిన్ శ్రీనివాస్’ అనే పిలిచింది. 2014 సెప్టెంబర్ 19న చెన్నైలో ఆయన కన్నుమూసేనాటికి వయసు 45 ఏళ్లే. ఆయన జీవితంలో సంఘటనలు మహా అయితే రెండు పేజీలు వస్తాయేమో. ఆయన్ని నిజంగా గుర్తుచేసుకోవాలంటే మాత్రం ఆయన వాయించింది వినాల్సిందే. అందులోనూ జాజ్ సంగీతకారులతో కలిసి వాయించింది.

గురువుకు రాని వాయిద్యం

మాండలిన్ ఇటలీ వాయిద్యం. పొట్టి మెడ, జతలు జతలుగా ఎనిమిది తీగలు. మన సినిమా ఆర్కెస్ట్రాల్లో దానికి ఎప్పుడూ చోటుంది. హుషారు పాట మధ్యలో గలగలమని వినిపించి తప్పుకునేది. కచేరీ వేదిక మీద కూర్చుని త్యాగరాజ కృతి వాయించే హోదా మాత్రం దానికి లేదు.

కారణం ఊరికే కాదు. మన సంగీతంలో స్వరం గుంజ పాతినట్టు నిలబడదు. ఉయ్యాలలా ఊగుతుంది. పక్క స్వరాన్ని తాకి వస్తుంది. గమకం అంటే అదే. వీణకు మెట్లున్నా తీగ పొడవు, పక్కకు లాగితే సాగుతుంది. మాండలిన్‌లో తీగ పొట్టి, బిగువు ఎక్కువ, పైగా రెండేసి తీగలు. మీటిన మరుక్షణమే నాదం చచ్చిపోతుంది. అందుకే పాశ్చాత్యులు ఒకే స్వరాన్ని గబగబా మీటుతూ నిలబెడతారు. ఆ పద్ధతిలో తోడి రాగం వాయిస్తే ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు!

శ్రీనివాస్‌కు సంగీతం నేర్పింది రుద్రరాజు సుబ్బరాజు. చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యుడు. నాన్న సత్యనారాయణకూ ఆయనే గురువు. విచిత్రమేమిటంటే సుబ్బరాజుకు మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవాడు, పిల్లాడు విని వాయించేవాడు. అంతే పాఠం. గురువు వేళ్లు చూసి నేర్చుకునే వీలు లేదు కాబట్టి గొంతులో ఏం జరుగుతోందో విని, దానికి తన వేళ్లు తనే వెతుక్కోవాలి. శ్రీనివాస్ మాండలిన్ ‘పాడుతుంది’ అని తర్వాత అందరూ అన్నారు. అనక ఏం చేస్తారు? అది నేర్చుకున్నదే పాట నుంచి!

వాయిద్యాన్నీ ఆయన ఉన్నది ఉన్నట్టు ఉంచలేదు. జంట తీగలు తీసేసి ఒంటి తీగలు పెట్టాడు. కింది స్థాయి కోసం ఐదో తీగ చేర్చాడు. బోలు పొట్ట ఉన్న మాండలిన్ వదిలి ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టాడు. మీటిన నాదం కాసేపు నిలవడానికి అది ఆధారమైంది. మెట్ల మీద వేలు జారిస్తే స్వరం స్వరంలోకి ఒలికింది. శాస్త్రీయ కచేరీలో కరెంటు వాయిద్యమా అని పెదవి విరిచిన వాళ్లూ ఉన్నారు. వయొలిన్‌కూ ఇదే కథ. పంతొమ్మిదో శతాబ్దంలో బాలుస్వామి దీక్షితార్ దాన్ని మన సంగీతంలోకి తెచ్చేనాటికి అదీ దొరల వాయిద్యమే. ఇవాళ వయొలిన్ లేని గాత్ర కచేరీ ఎక్కడుంది?

1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొలి కచేరీ. అప్పటికి తొమ్మిదేళ్లు. కుటుంబం మద్రాసు చేరింది. 1981 డిసెంబర్ సీజన్‌లో ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీ వేదిక ఎక్కాక, ఆ నగరానికి మరో పరిచయం అవసరం లేకపోయింది.

చెరకు తోటల తాళం

1983లో శ్రీనివాస్ బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించాడు. పద్నాలుగేళ్ల కర్ణాటక సంగీత విద్వాంసుడికి జాజ్ ఉత్సవంలో ఏం పని?

జాజ్ అమెరికాలో న్యూ ఆర్లియన్స్ నల్లజాతి సంగీతకారుల చేతుల్లో పెరిగింది. దాని తొలి రోజుల్లో బ్యాండు మేళాలదీ పెద్ద పాత్రే. పెళ్లికీ చావుకీ వీధిలో నడుస్తూ వాయించే మేళాలు. వాటిలోనూ క్లారినెట్టే! రాసుకున్న పాటను రాసుకున్నట్టు వాయించి ఊరుకోవడం జాజ్ కాదు. పాటను ఎత్తుకుని, అక్కడికక్కడే కొత్త పోకడలు పోయి, మళ్లీ పాటకు తిరిగి రావాలి. మన విద్వాంసులు మనోధర్మం అనేది దీన్నే. పల్లవి దగ్గర కల్పనస్వరాలు వేసి, తాళం తప్పకుండా ఎత్తుగడకు వచ్చి పడటం. పేర్లు వేరు, పని దగ్గరదగ్గరగా ఒకటే.

ఆ జాజ్‌లోనే లాటిన్ జాజ్ అని మరో పాయ ఉంది. దాని కథ బోధన్ వైపు వాళ్లకు ఇంకాస్త దగ్గరగా తోస్తుంది. అది చెరకు కథ కాబట్టి. నిజాంసాగర్ నీళ్లు బోధన్‌కు చెరకును, ఆ చెరకు నిజాం షుగర్ ఫ్యాక్టరీని తెచ్చినట్టే, క్యూబా ద్వీపాన్ని కూడా చెరకే నడిపించింది. (బోధన్ ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. ఆ బాధ వేరే కథ.) తేడా ఏమిటంటే, క్యూబాలో చెరకు కొట్టడానికి ఆఫ్రికా నుంచి మనుషుల్ని బానిసలుగా పట్టుకొచ్చారు. వాళ్లతో పాటు డోళ్లూ, వాటి దరువులూ వచ్చాయి. స్పానిష్ పాటతో కలిశాయి. 1947లో చానో పోజో అనే క్యూబా డోలు వాద్యకారుడు న్యూయార్క్‌లో ట్రంపెట్ విద్వాంసుడు డిజీ గిలెస్పీ పక్కన చేరి, ఆ దరువును జాజ్‌లో కలిపాడు. మరుసటి ఏడాదే హార్లెమ్‌లో తుపాకీ కాల్పులకు బలయ్యాడు. వయసు 33. ఆయన తెచ్చిన దరువు మాత్రం టిటో పుయెంటె లాంటి వాళ్ల చేతుల్లో దశాబ్దాల పాటు మోగింది.

ఆ దరువుకు ప్రాణం ‘క్లావే’. రెండు కర్రముక్కల మీద ఐదే దెబ్బలు. అవే తిరిగి తిరిగి వస్తుంటాయి. ఎవరు ఎంత దూరం వెళ్లి వాయించినా ఆ ఐదు దెబ్బలు మనసులో ఉండాల్సిందే. తొడ మీద ఆదితాళం వేసుకుంటూ కచేరీ వినే మన పెద్దలకు ఈ సంగతి విడమరచి చెప్పక్కర్లేదు.

పరాయి మేళంలో కలిసేవాడు ముందు తన తాళం గట్టిగా పట్టుకోవాలి. చానో పోజో అదే చేశాడు. శ్రీనివాస్ చేసిందీ అదే. జాజ్ వాళ్ల దగ్గరికి వెళ్లి జాజ్ వాయించాలని చూడలేదు. తన రాగం తను వాయించాడు. వాళ్లే వచ్చి కూర్చున్నారు!

మెక్లాఫ్లిన్ పక్కన

అలా వచ్చిన వాళ్లలో అందరికన్నా పెద్ద పేరు జాన్ మెక్లాఫ్లిన్. ఇంగ్లండ్ గిటారిస్టు. 1969లో జాజ్ దిగ్గజం మైల్స్ డేవిస్‌తో కలిసి రికార్డింగులు చేసినవాడు. 1970ల్లో ఎల్.శంకర్, జాకిర్ హుస్సేన్, విక్కు వినాయకరామ్‌లతో ‘శక్తి’ బృందం నడిపాడు. స్పెయిన్ గిటార్ విద్వాంసుడు పాకో డి లూసియా, అమెరికన్ గిటారిస్టు అల్ డి మియోలాతో 1980లో శాన్‌ఫ్రాన్సిస్కోలో చేసిన శుక్రవారం రాత్రి కచేరీ గిటార్ ప్రియులకు ఇప్పటికీ పండగే. అంత మందితో వాయించిన మనిషి, 1990ల చివర్లో ‘రిమెంబర్ శక్తి’ పేరుతో పాత బృందాన్ని మళ్లీ కట్టినప్పుడు పక్కన కూర్చోబెట్టుకున్నది పాలకొల్లు కుర్రాణ్ణి. తబలా మీద జాకిర్, కంజీర మీద వినాయకరామ్ కొడుకు సెల్వగణేశ్. తర్వాత గాయకుడు శంకర్ మహదేవన్ చేరాడు.

దీనికి ముందే 1995లో కెనడా గిటారిస్టు మైకేల్ బ్రూక్‌తో ‘డ్రీమ్’ అనే ఆల్బమ్ వచ్చింది. పీటర్ గాబ్రియెల్ స్థాపించిన రియల్ వరల్డ్ సంస్థ విడుదల చేసింది. స్టూడియో హంగులు కాస్త ఎక్కువే. అసలు శ్రీనివాస్ అందులో దొరకడనే చెప్పాలి. మనుషులు ఎదురెదురుగా కూర్చుని, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ వాయించినప్పుడే ఆయన దొరుకుతాడు.

అందుకు 2000లో వచ్చిన ‘ద బిలీవర్’ వినాలి. అంతకుముందు ఏడాది కచేరీల్లో రికార్డు చేసింది. శ్రీనివాస్ పేరు చెప్పగానే అందరూ వేగం గురించే మాట్లాడతారు. వేగం ఉంది, కాదనలేం. మెక్లాఫ్లిన్ గిటార్‌తో స్వరానికి స్వరం బదులు చెబుతుంటే నవ్వొస్తుంది, ఒళ్లు జలదరిస్తుంది. కానీ ఆ వేగం చూసి మురిసిపోయి అక్కడే ఆగిపోతే అన్యాయం. అదే ఆల్బమ్‌లో ‘లోటస్ ఫీట్’ అని నెమ్మదైన పాట ఒకటుంది. 1970ల నాటి మెక్లాఫ్లిన్ రచన. చేతికి అంత వేగం ఉండి కూడా, ఆ పాటలో ఒక్కో స్వరాన్నీ వదల్లేక వదల్లేక వదులుతాడు శ్రీనివాస్. నాదం చచ్చిపోయే వాయిద్యమని పేరుపడ్డ మాండలిన్ ఇదేనా అనిపిస్తుంది. సుబ్బరాజు గారి గొంతు పాఠం అంతా అక్కడుంది.

బొంబాయిలో త్యాగయ్య

2000 డిసెంబర్‌లో ఈ బృందం ముంబైలో వాయించింది. మరుసటి ఏడాది ‘సాటర్డే నైట్ ఇన్ బాంబే’ పేరుతో ఆల్బమ్ వచ్చింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో శుక్రవారం, బొంబాయిలో శనివారం... మెక్లాఫ్లిన్ చమత్కారం! అందులో ‘గిరిరాజ్ సుధ’ అని ఓ పాట ఉంది. పేరు చూసి హిందీ పాటేమో అనుకుంటారు. కాదు. త్యాగరాజు బంగాళ రాగంలో కట్టిన ‘గిరిరాజసుతా తనయ’. వినాయకుడి మీద కృతి. సంగీతం నేర్చుకునే పిల్లలు ఇంటింటా పాడేదే.

ఆ కృతిని శంకర్ మహదేవన్ పాడతాడు, శ్రీనివాస్ వాయిస్తాడు, ఇంగ్లండ్ గిటార్ జవాబిస్తుంది. కృతి ఎక్కడా పలచబడలేదు. జాజ్ శ్రోతల కోసమని ఒక్క సంగతి తగ్గించినట్టూ వినిపించదు. దేశదేశాల్లో టికెట్ కొనుక్కుని జాజ్ కచేరీలకు వచ్చిన జనం, భాష తెలియకుండానే త్యాగయ్యను వినేశారు. త్యాగయ్య ఘనత గురించి సభల్లో ఎన్ని ఉపన్యాసాలు విన్నాం... ఈ సంగతి ఒక్కరైనా ఎత్తగా విన్నామా?

1998లోనే ఆయనకు పద్మశ్రీ వచ్చింది. తమ్ముడు రాజేశ్‌కు కూడా ఆయనే మాండలిన్ నేర్పాడు. రాజేశ్ కూడా మెక్లాఫ్లిన్‌తో వాయించాడు. అంతా సవ్యంగా సాగుతున్న రోజుల్లో కాలేయం దెబ్బతింది. మార్పిడి చికిత్స చేసినా ప్రాణం నిలవలేదు. ఆ 2014లోనే, ఫిబ్రవరిలో పాకో డి లూసియా వెళ్లిపోయాడు. మెక్లాఫ్లిన్‌కు ఒకే ఏడాదిలో రెండు వైపులా ఖాళీ.

2023లో ‘శక్తి’ మళ్లీ ఓ ఆల్బమ్ తెచ్చింది. పేరు ‘దిస్ మూమెంట్’. 2024 ఫిబ్రవరిలో దానికి గ్రామీ అవార్డు వచ్చింది. మన పత్రికలన్నీ శంకర్ మహదేవన్, జాకిర్ హుస్సేన్ ఫొటోలు వేసి సంబరం చేశాయి. (అదే ఏడాది డిసెంబర్‌లో జాకిర్ కూడా కన్నుమూశాడు.) ఆల్బమ్‌లో మొదటి పాట పేరు ‘శ్రీనీస్ డ్రీమ్’. శ్రీని అంటే మన శ్రీనివాసే. ఆయన కూర్చునే చోట ఇప్పుడు గణేశ్ రాజగోపాలన్ వయొలిన్ ఉంది.

అదే ఆల్బమ్‌లో ‘గిరిరాజ్ సుధ’ కూడా మళ్లీ ఉంది. వీలైతే ఓ ఆదివారం పొద్దున రెండు రికార్డులూ ఒకదాని వెంట ఒకటి పెట్టుకుని వినండి. రెండింటికీ మధ్య ఇరవై రెండేళ్లు. త్యాగయ్య సాహిత్యం అదే. గొంతు శంకర్ మహదేవన్‌దే. గిటార్ మెక్లాఫ్లిన్‌దే. తబలా జాకిర్‌దే. మొదటి దాంట్లో మాండలిన్ ఉంది. రెండోదాంట్లో లేదు.