మట్టిగోడల మరమ్మతు

వర్షాకాలము గడచిన పిమ్మట మన పల్లెలలోని పాత ఇండ్లను ఒకసారి పరికింతము. చూరు నుండి జారిన నీరు నేలపై పడి చిందుటచేత గోడల అడుగు భాగము కోసుకొనిపోయి కనిపించును. గోడ బరువంతయు మోయునది ఆ భాగమే. దానిని ఉపేక్షించినచో రాబోవు వానలకు గోడ కూలి, ఇంట నిద్రించువారి ప్రాణములకే ముప్పు రాగలదు.

పలువురు ఇట్టి గోడకు సిమెంటు పూసి నిశ్చింతగా నుందురు. ఇది పొరపాటు. మట్టిగోడ నేలలోని చెమ్మను పీల్చి, గాలికి విడిచిపెట్టును. సిమెంటు పూత ఆ చెమ్మను లోపలనే బంధించును. పైకి గట్టిగా కనిపించుచున్నను లోపలి మట్టి మెత్తబడిపోవును.

మట్టిగోడకు మట్టియే తగిన మందు. మొదట వదులు మట్టిని గోకి తీసి, గోడను తడుపవలెను. గోడమట్టిని పోలిన మట్టిలో వరిగడ్డి తునకలు కలిపి, కొన్ని దినములు నానబెట్టి, బాగుగా త్రొక్కవలెను. ముందు కొంచెము పూసి ఆరనిచ్చి చూచి, బీటలు వారినచో ఇసుక చేర్చవలెను. లోతైన గుంటలను కాల్చని ఇటుక ముక్కలతో పూడ్చి, పైన పలుచని పొరలుగా మెత్తవలెను. ఒక పొర ఆరిన పిదపనే మరియొకటి వేయవలెను.

ఒరిగిన గోడకు మాత్రము పూత చాలదు. ఆ ఇంట నివసించుట మాని, అనుభవజ్ఞుడైన మేస్త్రీకి చూపవలెను.

నీరు పోవు దారిని మార్చనిదే ఏ మరమ్మతును నిలువదు. చూరును ముందుకు సాచి, గోడ ప్రక్కనున్న నేలను వెలుపలికి వాలుగా చేయుదము. వానలకు ముందే ఈ కొద్దిపాటి పనిని ముగింపుడని గ్రామస్థులను కోరుచున్నాము.